జేబులో ఎడమ చెయ్యి

"పదకొండు," అంది వెనకనుంచి ఒక ఆడగొంతు.

వాన అప్పుడే వెలిసింది. ఆకుల మీది నీళ్ళు మెడ మీద పడుతున్నాయి. నేను ఆగి వెనక్కి చూశాను. పచ్చ రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం నిండా నిలువుగీతలు.

"ఏంటి పదకొండు?"

"పదమూడు." ఇంకో రెండు గీతలు పెట్టింది. "గేటు దగ్గర బయల్దేరి గంటన్నర అయింది. ఇప్పటిదాకా మీరు మాట్లాడిన మాటలు ఇవీ. 'పదండి' నాలుగుసార్లు. 'ఆగండి' మూడు. 'జారుతుంది' రెండు. 'పాము' ఒకటి. 'పోయింది' ఒకటి."

ఆమె వెనక ఉన్న పద్నాలుగు మందీ నవ్వారు.

"అది ఏ పామో కూడా చెప్పలేదమ్మా," అని టోపీ పెట్టుకున్న పెద్దాయన పితూరీ చెప్పాడు.

"పోయిందిగా," అన్నాను.

"పద్నాలుగు," అంది ఆమె.

ఖన్యీసాను నేను మొదట చూడడం అలా జరిగింది.

మా ఎల్వాండ్లె తీరవనంలో ప్రతి శనివారం జనాన్ని నడిపించేది మేమే. గేటు దగ్గర మొదలుపెట్టి, ఇసుకదిబ్బల మీది అడవిలోంచి, సముద్రపొడ్డున, చెలే నది దాటి, అవతలి కొండకొమ్ము దాకా. నాలుగు గంటల నడక. మేం అయిదుగురం వాలంటీర్లం. జీతం లేదు. వారమంతా నేను ఆవుల్ని కాస్తాను, శనివారం మనుషుల్ని. ఆవులు ప్రశ్నలు అడగవు. అంతే తేడా.

తొమ్మిదేళ్ళుగా ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడు పట్నంలోని ఆఫీసు కొత్త నిబంధన పెట్టింది. నడిపించేవాడు చెట్టూ పిట్టా చూపించి వివరంగా చెప్పగలగాలి. నాలుగు శనివారాలు ఆఫీసు మనిషి వెంట నడిచి చూస్తుంది. పాసైతే బ్యాడ్జి. లేకపోతే ముందు నడవడానికి లేదు, వెనక సంచులు మోసుకుంటూ రావచ్చు.

ఆ ఆఫీసు మనిషి ఖన్యీసా.

"వుయిసిలే, దేవుడు నోరిచ్చింది తినడానికే కాదురా," అని మా వాలంటీర్ల పెద్ద, నొజిపో టీచరమ్మ, ముందే హెచ్చరించింది. నేను తల ఊపాను. తల ఊపడానికి మార్కులు ఉండవని అప్పటికి తెలియదు.

పద్నాలుగు మాటల తరవాత నది వచ్చింది. ఆ మధ్యలో నేనేమీ అనలేదు.

నదిని మేం గొలుసుకట్టి దాటతాం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, బూట్లు మెళ్ళో వేసుకుని. ముందు నేను, ఎడమచేతిలో కర్ర, కుడిచెయ్యి వెనకవాళ్ళకి. ఆ రోజు వెనక ఖన్యీసా నిలబడింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అట్టని నోట కరుచుకుని, ఎడమచెయ్యి చాపింది.

పట్టుకున్నాను.

చల్లగా ఉంది చెయ్యి. నీళ్ళ ఒరవడికి ఆమె గట్టిగా పట్టుకుంది. నది నడుమ ఆమె వైపు తిరిగాను. అట్ట కరుచుకున్న నోటితోనే నవ్వింది. ఆ నవ్వుకి నా కాలికింది ఇసుక కాస్త జరిగింది.

అప్పుడే నా బొటనవేలికి తెలిసింది. ఆమె చిటికెన వేలికి పై కణుపు లేదు.

నా ఎడమచేతి చిటికెన వేలికీ లేదు.

పసివాళ్ళకి జబ్బూ జాడ్యం రాకుండా ఆ కణుపు తీసేయడం మా దుంజానే వంశంలో పాత ఆచారం. ఇప్పుడు మానేశారు, మా ఈడువాళ్ళలో అక్కడొకరూ ఇక్కడొకరూ మిగిలాం. మావైపు ఆ పద్ధతి ఇంకే వంశానికీ లేదు. ఒకే వంశంలో పుట్టినవాళ్ళు అన్నాచెల్లెళ్ళు. ఏ ఊళ్ళో పుట్టినా, ముందెప్పుడూ ముఖం చూడకపోయినా అంతే. ఇంటిపేర్లు వేరైనా లాభం లేదు. వంశం వంశమే.

ఈ పిల్ల నాకు నచ్చింది. ఈ పిల్ల నాకు చెల్లెలవుతుంది. నది మధ్యలో ఈ రెండూ ఒక్కసారే తెలిస్తే మనిషి ఏం చేస్తాడు?

"జారుతుంది," అన్నాను.

అట్ట నోట్లో ఉన్నా ఆమె వదల్లేదు. "పదిహేను," అంది పళ్ళ మధ్యనుంచి.

అవతలి ఒడ్డెక్కగానే ఎడమచెయ్యి జేబులో పెట్టేశాను.

అడిగితే తేలిపోయే సంగతే. మావైపు ఇద్దరు కలిస్తే పేరుకంటే ముందు వంశమే అడుగుతారు. ఆమె ఆఫీసు పద్ధతిలో పేరూ ఉద్యోగమూ చెప్పింది, వంశం చెప్పలేదు. నేను అడగలేదు. అడగనంతకాలం ఆమె నాకు చెల్లెలు కాదు.

*

రెండో శనివారం నొథాంబో అవ్వ వచ్చింది.

అవ్వ మా పొరుగావిడ. అవతలి ఊళ్ళో ఉన్న చెల్లెలికి కుండరొట్టె పట్టుకెళ్ళాలన్న వంకతో మాతో నడుస్తుంది. అసలు పని కొత్తవాళ్ళని ఆరా తీయడం. గేటు దగ్గరే ఖన్యీసా చెయ్యి పట్టుకుని పైనించి కిందికి చూసింది. ఆ చూపు ఎడమచేతి దగ్గర ఆగింది. నా గుండె కూడా.

అడవిలో రెండు మలుపులు తిరిగి ఒడ్డు మీదికి వచ్చామో లేదో మొదలుపెట్టింది. "పిల్లా, ముచ్చటగా ఉన్నావు. ఇంతకీ మీది ఏ..."

"పిట్ట!" అని అరిచాను.

అందరూ ఉలిక్కిపడ్డారు. అదృష్టం బాగుండి నిజంగానే ఒకటి ఉంది. నల్లటిది, ఎర్రముక్కుది, ఎర్రకాళ్ళది. అరిచాక ఇక ఆగడం కుదరదు. అందరూ నావైపే చూస్తున్నారు, అవ్వ నోరు ఇంకా తెరిచే ఉంది.

"అది... ఆ పిట్ట గూడు కట్టదు," అన్నాను. "ఇసుకలో మడమంత గుంట చేసి గుడ్లు పెడుతుంది, ఎక్కువగా రెండు. గుల్లల రంగే గుడ్ల రంగు, తొక్కినా తెలీదు. ఇప్పుడు కుంటుతోంది చూశారా? కాలికేం కాలేదు, నాటకం. మనం దానివెంట పడితే గుడ్లకి దూరంగా పోతామని. పోయినేడు ఇదే జంట ఆ దుంగ పక్కన పెట్టింది, పోటు వచ్చి గుడ్లు పోయాయి. ఈ ఏడు పది అడుగులు పైకి జరిగింది. పిట్టకి బుద్ధి ఉంది. మనం నీళ్ళ అంచున పోదాం."

ఖన్యీసా కలం కాగితం మీద ఆగిపోయింది.

నీడకి ఆగిన చోట అవ్వ మళ్ళీ అందుకుంది. "ఏం లేదమ్మా, మీ నాన్నగారిది ఏ..."

"ఈ చెట్టు తుఫానుకి వంగింది కాదు!" అన్నాను. చెట్టు గురించి చెప్పాను. బురదలో ఎర్రపీతల దగ్గర మరోసారి. పీతల గురించి చెప్పాను, మగపీత ఒక్క డెక్కనే ఎందుకు ఊపుతుందో కూడా.

"వీడికేమైందే?" అంది అవ్వ రొట్టెసంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ. "తొమ్మిదేళ్ళు నోరు కుట్టుకుని తిరిగాడు. ఇప్పుడు కుట్లన్నీ ఒకేసారి ఊడిపోయాయి!"

గేటు దగ్గర ఖన్యీసా నా పక్కకి వచ్చింది.

"నాలుగువందల దాకా లెక్కపెట్టి మానేశాను. పోయిన వారం గొంతుకి జలుబు చేసిందా?"

"లేదు."

"మరి ఈ వారం ఏం చేసింది?"

జేబులో చెయ్యి బిగించాను.

"మీరు ఇవన్నీ ఎక్కడ చదివారు?"

"చదవలేదు. చూశాను."

ఆమె ఈసారి లెక్కపెట్టలేదు. నా ముఖంలోకి కాసేపు చూసింది. అది లెక్కకంటే కష్టంగా ఉంది.

*

మూడో శనివారానికి పిట్టలూ చెట్లూ అయిపోయాయి. ఒక తిమింగలం సాయం చేసింది. అదీ మునిగిపోయాక అవ్వ గొంతు సవరించుకుంది. ఎదురుగా ఇసుకలో మా ఆవులు పడుకుని నెమరేస్తున్నాయి. నాకు వేరే దారి లేదు. ఒక్కో ఆవు పేరు, దాని తల్లి పేరు, గుణం, అది సముద్రం దగ్గరికి ఎందుకు వస్తుందో, అన్నీ చెప్పాను. ఉప్పుగాలికి ఈగలు ముసరవని, ఇక్కడే పడుకుని పోటుకి ముందే లేస్తాయని, గడియారం లేకపోయినా ఒక్కరోజు తప్పవని.

"ఆవులు ఫారంలో లేవు," అంది ఖన్యీసా.

"రాసుకోండి."

రాసుకుంది. నవ్వుతూ రాసుకుంది.

భోజనాల బండ మీద నా పక్కనే కూర్చుంది. కాగితం పొట్లం విప్పి, నూనెలో వేయించిన బూరె ఒకటి నాకిచ్చింది. "నేనే చేశాను. పిండి సరిగ్గా పొంగలేదు, చెప్పకండి ఎవరికీ."

రాయిలా ఉంది. రెండు తిన్నాను. కుడిచేత్తోనే తిన్నాను, అదే చేత్తో సీసా మూత తియ్యబోతే కాలి మీద పడింది.

"ఎడమచెయ్యి ఏమైంది?"

"చలి."

"నవంబరులోనా? ఎండాకాలంలోనా?"

సముద్రం వైపు చూశాను. సముద్రం నాకు సాయం చెయ్యలేదు.

"నది దాటేటప్పుడు కూడా ఇవాళ నన్ను గొలుసు చివరికి పంపారు," అంది. "నా చెయ్యి పట్టుకోవడం ఇష్టంలేదా? చెప్పండి, ఫర్వాలేదు."

"అది కాదు."

"అయితే ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తుంటారా?"

"ఆవులు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మిగిలిన బూరెలు పొట్లం కట్టేసింది.

"సరే అన్నా," అంది లేస్తూ.

మావైపు ఏ ఆడపిల్లైనా ఏ మగవాణ్ణైనా మర్యాదకి అన్నా అనే పిలుస్తుంది. రోజుకి పదిమంది నన్ను అంటారు. ఆ పదిమందిలో ఎవరి మాటా ఇలా గుచ్చుకోలేదు. తిరుగుదారిలో ఆమె అందరికంటే వెనక, సంచులు మోసేవాళ్ళతో నడిచింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. దూడ తల్లిని ఎందుకు వదిలేసిందో చెప్పగలను. ఇది చెప్పలేకపోయాను.

*

నాలుగో శనివారం పరీక్ష. ఇరవైమంది నడిచేవాళ్ళు, నొజిపో టీచరమ్మ, అవ్వ, రెయిన్‌కోటులో ఖన్యీసా. ముందు రెండురోజులు పైన కొండల్లో వాన దంచింది. అడవిలో నేనేమీ మాట్లాడలేదు. అవ్వ కూడా ఏమీ అడగలేదు, నన్నే ఓరగా చూస్తూ నడిచింది. ఆ చూపుకి నాకు భయం వేసింది.

నది దగ్గరికి చేరేసరికి పదిన్నర.

"పోటు పట్టీ ప్రకారం పది నలభైకి నీళ్ళు తగ్గిపోవాలి," అంది ఖన్యీసా కాగితం చూస్తూ. గొంతు ఆఫీసు గొంతు. "దాటించండి."

నేను కదల్లేదు.

"ఏమిటి ఆలస్యం?"

"ఆవులు లేవలేదు."

"ఆవులా?"

నదికి ఇవతల ఇసుకలో మంద పడుకుని ఉంది. రోజూ నీళ్ళు దిగే వేళకి నది దాటి అవతలి మేతకి వెళ్ళాలి. పట్టీకి సముద్రం సంగతే తెలుసు. కొండల్లో కురిసిన వాన సంగతి తెలియదు. ఇదంతా చెప్పలేదు. చెయ్యి చాపి, నీళ్ళలో తేలుతూ వస్తున్న వెదురుముక్కలనీ, ఎర్రనురగనీ చూపించాను. చూసింది. పట్టీ మడిచి జేబులో పెట్టుకుంది.

ఎదురుచూశాం. ఇరవైమందికి నలభై అనుమానాలు. టోపీ పెద్దాయన మళ్ళీ వచ్చాడు, మళ్ళీ సణిగాడు. ఉన్నట్టుండి పైనుంచి ఒక పెద్ద దుంగ కొట్టుకొచ్చింది, మేం రోజూ దాటే చోటినుంచే దూసుకుంటూ సముద్రంలోకి పోయింది. పెద్దాయన సణుగుడు మానేశాడు.

నలభై నిమిషాలకి ముసలావు లేచింది. ఒళ్ళు విరుచుకుంది. మామూలు చోటికి పోకుండా యాభై అడుగులు పైకి నడిచి అక్కడ దిగింది. మంద వెనకే దిగింది. నీళ్ళు వాటి పొట్ట దాటలేదు.

"పదండి," అన్నాను.

నది దారి మార్చుకుంది, అడుగు కొత్తది. కర్ర ఒక బలమైన కుర్రాడికిచ్చి ఆవుల వెనకే నడవమన్నాను. నేను అవ్వ పక్కన ఉండాలి, నీళ్ళు ఆమెకి నడుం దాకా వస్తాయి. కుడిచేత్తో అవ్వ చెయ్యి పట్టుకుని, వెనకవాళ్ళని నా చొక్కా పట్టుకోమన్నాను. గొలుసు కదిలింది. సగం దూరం వెళ్ళాక నా వెనకవాళ్ళు అటూ ఇటూ తూలారు. గొలుసు తెగింది. తెగినచోట, నాకు మూరెడు దూరంలో ఖన్యీసా. నీళ్ళు ఆమె తొడలదాకా తోస్తున్నాయి. అట్ట నెత్తిన పెట్టుకుని ఎడమచెయ్యి నావైపు చాపింది.

నా కుడిచేతిలో అవ్వ ఉంది.

ఎడమచెయ్యి జేబులో ఉంది.

"ఇస్తావా, కొట్టుకుపొమ్మంటావా?" అంది.

తీశాను. ఇచ్చాను.

ఆమె పట్టుకుంది. నిలదొక్కుకుంది. తరవాత వదలకుండా, వేళ్ళన్నీ ఒక్కొక్కటే తడిమింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉంగరం లేదే!" అంది.

"ఏం ఉంగరం?"

"పెళ్ళి ఉంగరం! అది దాచడానికేగా మూడువారాలు జేబులో..." ఆమె వేలు నా చిటికెన వేలి మొండి మీద ఆగింది. పైకెత్తి చూసింది. తన చెయ్యి పక్కన పెట్టి చూసింది. ముఖం వెలిగిపోయింది.

"నీకూ టాక్సీ తలుపేనా?"

నాకు చెవుల్లో నది తప్ప ఏమీ వినిపించలేదు. "ఏమన్నావు?"

"తలుపు! ఆరేళ్ళప్పుడు మా చిన్నాన్న టాక్సీ తలుపు వేశాడు, నా వేలు మధ్యలో ఉంది. నీది ఎవరు వేశారు?"

నేను నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానంటే, ఒడ్డెక్కిన ముసలావు వెనక్కి తిరిగి చూసింది. ఆ నవ్వు ఆగకముందే అడిగాను. నాలుగువారాలు అడగని మాట, తొడలోతు నీళ్ళలో, ఇరవైమంది ముందు.

"మీది ఏ వంశం?"

"లుకొంటే," అంది.

"అయ్యో నా తండ్రీ!" అని అవ్వ నా భుజం మీద ఒక్కటి వేసింది. "ఆ వేలు చూసే కదరా మొదటిరోజునే అడగబోయాను! మన పిల్లేమో తేల్చుకుందామని! అడగనిచ్చావా? పిట్ట అన్నావు, పీత అన్నావు, ఊళ్ళో ఆవులన్నిటి పురాణం విప్పావు!"

"అవ్వా, నీళ్ళు పెరుగుతున్నాయి," అన్నారు వెనకనుంచి.

"పెరగనీ! ఇది తేలాలి. పిల్లా, మీ అమ్మ వంశం?"

మావైపు పెళ్ళి మాటంటే నాలుగు వంశాలు చూడాలి మరి. తండ్రిది, తల్లిది, నాన్నమ్మది, అమ్మమ్మది. వాటిలో ఒక్కటి కలిసినా పెళ్ళికి దారి లేదు. నావి అవ్వకి కంఠతా వచ్చు.

"బుషూలా," అంది ఖన్యీసా.

"కలవలేదు!" అని అవ్వ ప్రకటించింది. గొలుసంతా హోయ్ అంది.

"నాన్నమ్మ?"

"తియానే."

"కలవలేదు!" ఇంకా పెద్ద హోయ్.

"అమ్మమ్మ?"

ఖన్యీసా నోరు తెరిచి ఆగిపోయింది. "అమ్మమ్మ... నేను పుట్టకముందే పోయింది. ఒక్క నిమిషం."

టోపీ పెద్దాయన టోపీ తీసేశాడు. ఖన్యీసా కళ్ళు మూసుకుంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. పెదాలు కదులుతున్నాయి, చిన్నప్పుడు ఎవరో నిద్రపుచ్చుతూ పాడింది గుర్తు తెచ్చుకుంటున్నట్టు. నా నాలుగు వంశాలూ ఆ పెదాల మీద రాకూడదని ఊళ్ళో పూర్వీకులందరినీ పేరుపేరునా తలుచుకున్నాను.

"జెంగెలే!" అంది. "జెంగెలే! మా అమ్మ ఉల్లిపాయ కోస్తూ వేలు తెగినప్పుడల్లా వాళ్ళమ్మ వంశాన్నే తలుచుకుంటుంది!"

అవ్వ ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తింది. నేను పట్టుకోకపోతే సముద్రంలో తేలేది.

"కలవలేదూ!"

ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ కూత పెట్టారు. ఎర్రముక్కు పిట్టలు రెండూ లేచి అరుచుకుంటూ చుట్టూ తిరిగాయి. "లుకొంటే! లుకొంటే!" అని జనం ఆమెను వంశం పేరుతో పిలుస్తుంటే, రాణిని తెచ్చినట్టు ఒడ్డెక్కించాం.

"నేను పరీక్ష పెట్టడానికి వచ్చానా, రాయడానికి వచ్చానా?" అంది వణుకుతూ, నవ్వుతూ.

"నువ్వు పాస్," అంది నొజిపో టీచరమ్మ. "వాడి సంగతి చెప్పు."

బండ మీద కూర్చుని తడిసిన ఫారం మోకాలి మీద పరుచుకుంది. కలం కుడిచేతిలో ఉంది, ఎడమచెయ్యి నా దగ్గర ఉంది. 'వివరించే శక్తి' అన్నచోట ఏం రాసిందో వంగి చూశాను.

'ఆవులు లేవలేదు అన్నాడు. ఇరవైమందీ బతికి ఉన్నారు.'

కింద గుండ్రంగా, పాస్.

బ్యాడ్జి ఆమే పెట్టింది. సూది ఒకసారి నాకు గుచ్చుకుంది. నేనేమీ అనలేదు.

*

రెండు నెలలకి పెద్దలుగా మా చిన్నాన్నలు ముగ్గురు ఖన్యీసా వాళ్ళింటికి వెళ్ళారు. మగపెళ్ళివాళ్ళు గేటు బయట నిలబడి, ఆ ఇంటి వంశాన్ని పేరెత్తి పొగుడుతూ పిలవాలి. లోపలివాళ్ళు విననట్టు ఊరుకుంటారు. ఎంత బాగా పిలిస్తే అంత త్వరగా గేటు తెరుచుకుంటుంది. పెళ్ళికొడుకు వెళ్ళకూడదు. నేను ఆవుల దగ్గర ఉన్నాను.

మా చిన్నాన్నలు నాకంటే తక్కువ మాట్లాడతారు. ఈ సంగతి నేను ముందే ఆలోచించి ఉండాల్సింది.

ఆదివారం ఖన్యీసా వచ్చింది. ఇసుకలో ఆవుల మధ్య, నా పక్కన కూర్చుంది.

"కర్టెన్ వెనకనుంచి అంతా చూశాను. గంటసేపు గేటు దగ్గర ముగ్గురూ టోపీలు పట్టుకుని నిలబడ్డారు. కుక్క కూడా అరిచి అరిచి పడుకుంది. ఎన్ని మాటలు మాట్లాడారో తెలుసా?"

"ఎన్ని?"

"పదకొండు. అందులో తొమ్మిది 'లుకొంటే'. మిగతా రెండు, 'పిల్ల బాగుంది'." మోకాళ్ళ మీద గడ్డం ఆనించి సముద్రం వైపు చూసింది. "మా నాన్న గేటు తీశాడు. ఇన్నాళ్ళకి అబద్ధాలు చెప్పని మనుషులు వచ్చారు, ఆలస్యం చెయ్యొద్దు, ఒప్పుకుంటున్నాను అని చెప్పమన్నాడు."

ముసలావు లేచి ఒళ్ళు విరుచుకుంది. పోటు వేళైంది. నేను లేచి, ఆమెకి ఎడమచెయ్యి ఇచ్చాను. పట్టుకుని లేచింది, చిటికెన వేలికి చిటికెన వేలు తగిలించి అలాగే ఉంచింది.

"నువ్వేమీ అనవా?"

"పద," అన్నాను.

"ఒకటి," అంది ఖన్యీసా.